ఖాళీ కాల్

ఇటు రండి, ఇంకాస్త దగ్గరికి. ఆ గుమ్మంలోనే నిలబడితే నా గొంతు మీదాకా రాదు. చేతుల్లో ఉన్న ఆ ఫోన్లు కాసేపు బోర్లా పెట్టండి. ఎలాగూ చెప్పబోయేది వాటి సంగతే. నాకు నాలుగో తరగతి దాటని చదువు, కంప్యూటరంటే దుమ్ము తుడవడం వరకే తెలుసు. అయినా ఆ ఐదు రోజులూ మా కోడలు ఇంటికొచ్చి పూసగుచ్చినట్టు చెప్పిన మాటలు ఒక్కటి కూడా మరిచిపోలేదు. అది చెప్పకుండా మింగేసినవి తరవాత గలగల వచ్చి చెప్పింది. గలగల ఎవరో మీకే తెలుస్తుంది.

గొంతు ఆపరేషన్లు చేసే ఆస్పత్రిలో మా కోడలు టెలిఫోన్ ఆపరేటరు. ఆ సోమవారం ఎప్పటిలాగే పొద్దున ఆరింటికల్లా ఫోన్ల గదిలో ఉంది. గదంటే పెద్దదేం కాదు. ఒక కుర్చీ, ఒక బల్ల, బల్ల కింద గుర్రుమంటూ ఉండే నల్లడబ్బా. ఆస్పత్రి ఫోన్లన్నీ ఆ డబ్బాలోంచే పోతాయి, వస్తాయి. కోడలు చెవులకి పెట్టుకునే మైకుని తడిగుడ్డతో తుడిచి, తలకి తగిలించుకుని, కంప్యూటర్లో తన పట్టిక తెరిచింది.

ఆ పట్టిక గళ్ళ నోటుబుక్కు లాంటిదే, కాకపోతే కిందికి జరుపుతూ పోతే ఒక పట్టాన తరగదు. ఫోన్ చేసేవాళ్ళ నంబరు ఒక్కోదానికి ఒక్కో వరుస. ఆ నంబరు నుంచి ఫోనొస్తే ఎక్కడ మోగాలి, ఎన్నిసార్లు మోగాలి, అక్కడ ఎవరూ ఎత్తకపోతే ఎటు పోవాలి, అన్నీ ఆ వరుసలో ఉంటాయి. ఫోన్ వచ్చిన ప్రతిసారీ నల్లడబ్బా ముందు పట్టికలోకి తొంగిచూసి, అక్కడ ఎలా రాసుంటే అలా నడుచుకుంటుంది. ఏడువందల చిల్లర వరుసలు, అన్నీ కోడలు చేత్తో నింపినవే. చివరి గడి మాత్రం డబ్బా కోసం కాదు. దాని పేరు 'గమనిక'. ఫోన్ మోగగానే ఆ గడిలో రాసింది తెరమీద కనబడుతుంది. అది కోడలు తనకోసం రాసుకునేది.

తొమ్మిది కావస్తుండగా ఫోన్ మోగింది. గమనికలో 'దర్జీ. గొంతు తీసేశారు. తడతారు. ఒకటంటే అవును, రెండంటే కాదు' అని ఉంది. కోడలికి అది చదవాల్సిన పనే లేదు.

"బాబాయ్‌గారూ, నేనే. చెప్పండి" అంది.

టక్ మని చప్పుడైంది. బట్టలు కుట్టేటప్పుడు వేలికి తొడుక్కునే ఇనుప తొడుగుతో ఆయన ఫోన్ మీద తడతాడు.

"గొట్టం దగ్గర ఇబ్బందిగా ఉందా?"

టక్ టక్.

"హమ్మయ్య. రేపు డాక్టరుగారికి చూపించుకోవాలి కదా, దాని గురించా?"

టక్.

"పదకొండింటికే. మార్చలేదు. పొద్దున ఏమైనా తిన్నారా?"

టక్. కాసేపు ఆగి, మెల్లిగా ఇంకో టక్.

"అదిగో, మధ్యలో ఆగారంటే తినలేదనేగా! అబద్ధం ఆడ్డం కూడా చేతకాదు మీకు. ముందు తినండి, తరవాత మిషనెక్కండి."

టక్ టక్ టక్ టక్ టక్. ఆయన నవ్వితే అలా ఉంటుంది. మెడలో గొట్టంతో ఊపిరి తీసుకుని బతికేవాడికి నవ్వడానికి గొంతెక్కడిది? కబురు రాసి పంపమందామంటే చదువు లేదు. ఫోన్లో పచ్చ గుర్తు మాత్రం తెలుసు, అది నొక్కితే మా కోడలు పలుకుతుంది, అంతే.

ఆయన పెట్టేశాక పావుగంటకి సూపరింటెండెంటుగారు వచ్చాడు. వెనకాల సంచి తగిలించుకుని ఒక ఇంజినీరు. ఆ వెనకాల, పిలవకపోయినా, రిసెప్షన్లో కూర్చునే గలగల. ఆవిడకి అమ్మానాన్నా పెట్టిన పేరు ఏదో ఉంది గానీ ఆస్పత్రిలో ఎవరికీ గుర్తులేదు. నోరు తెరిస్తే మూయదు. మనిషి మాత్రం వెన్నపూస.

"అమ్మా, ఓసారి లే. ఈయన కొత్త సాఫ్ట్‌వేర్ పెడతాడు" అన్నాడు సూపరింటెండెంటు.

"ఇప్పుడున్నది బానే ఉంది కదా సార్?"

"నువ్వున్నంతసేపూ బానే ఉంది. మీ అత్తగారి మోకాలికని నాలుగు రోజులు సెలవు పెట్టావు, గుర్తుందా? మూడో వార్డు ఫోన్ మార్చేవాళ్ళు లేరు. పెద్ద డాక్టరుకి రావాల్సిన కాల్స్ నాలుగు రోజులూ వంటగదిలో మోగాయి. మన వంటాయన 'నొప్పి ఎన్నాళ్ళనుంచి' అని అడగడం కూడా నేర్చేసుకున్నాడు."

గలగల కిసుక్కున నవ్వింది. కోడలు నవ్వలేదు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. మైకు తీసి, తీగ చుట్టలు చుట్టి, బల్ల మీద పెట్టి లేచి నిలబడింది.

ఇంజినీరు మంచివాడే. కూర్చునే ముందు "మీ కుర్చీ తీసుకుంటున్నాను మేడం" అన్నాడు. "దీన్ని విజార్డ్ అంటారు. మాంత్రికుడన్నమాట. ఐదే ప్రశ్నలడుగుతుంది. జవాబు చెబితే చాలు, మిగతాదంతా అదే అమర్చేస్తుంది. పట్టికలూ గళ్ళూ ఏమీ తెలియక్కర్లేదు."

ఆస్పత్రి పేరేంటని అడిగింది. కొట్టాడు. నెక్స్ట్. ఏ వేళనుంచి ఏ వేళదాకా తెరిచి ఉంటుందని అడిగింది. కొట్టాడు. నెక్స్ట్. విభాగాలెన్ని అని అడిగింది. సూపరింటెండెంటు వేళ్ళు లెక్కపెట్టి చెప్పాడు. నెక్స్ట్. నాలుగో ప్రశ్న 'మాట వినపడని ఖాళీ కాల్స్‌ని నాలుగు సెకన్లలో కట్ చేయాలా?' అని. పక్కన చిన్న డబ్బాలో అవునని టిక్కు దానంతట అదే పెట్టుకుని వచ్చింది. ఇంజినీరు దాన్ని చదవను కూడా లేదు. అతని వేలు అప్పటికే నెక్స్ట్ మీద ఉంది. కోడలు నిలబడ్డ చోట గలగల భుజం అడ్డమొచ్చి తెర సగమే కనబడుతోంది. ఐదోది 'ముగించమంటారా?' అనే ముక్క. ముగించాడు.

"అయిపోయిందా?" అంది గలగల. "మూడు నిమిషాలు కూడా పట్టలేదే! నేను చీర కుచ్చిళ్ళు పెట్టుకునేలోపు ఆస్పత్రి మొత్తం అమర్చేశావే నాయనా!"

"మరి నా పట్టిక?" అంది కోడలు.

"ఎక్కడికీ పోదు మేడం. లోపల అలాగే ఉంటుంది. డబ్బా ఇక దానిలోకి చూడదు, అంతే."

"మాట్లాడలేనివాళ్ళు కొందరున్నారండీ, వాళ్ళు..."

"ఏమున్నా రాసివ్వమ్మా, చూస్తాం" అన్నాడు సూపరింటెండెంటు, అప్పటికే గుమ్మం దాటుతూ. "ఇక ఈ గదిలో మనిషి కూర్చోవాల్సిన పనిలేదు. విజిటర్ల పాసులు రాసేచోట మనిషి తక్కువైంది, రేపట్నుంచి అక్కడ కూర్చో."

ఒక తెల్లకాగితం మీద మాట్లాడలేనివాళ్ళ ఏడు నంబర్లు, ఎదురుగా ఏడుగురి సంగతులూ రాసి కోడలు ఆయన బల్లమీద పెట్టింది. ఆయన దానిమీద గాజు బరువు పెట్టాడు. అప్పటికే దానికింద పదిహేను కాగితాలున్నాయి.

సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, నా పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ జరిగిందంతా చెప్పింది.

"వాళ్ళని అనడానికేముంది అత్తయ్యా, తప్పు నాదే. పదకొండేళ్ళలో ఒక్కరికీ నేర్పలేదు."

"నేర్పమని ఎవరైనా అడిగారా?"

"గలగల రెండుసార్లు అడిగింది. తరవాత చూద్దాంలే అన్నాను."

"ఎందుకలా?"

తుంచుతున్న కాయ చేతిలోనే ఆగిపోయింది. "నా గళ్ళు ఇంకొకరు ముట్టుకుంటే పాడుచేస్తారని."

"నువ్వు కొత్తగా వచ్చినప్పుడు నా గరిటెలు పక్క మేకుకి తగిలించావని ఆరునెలలు మూతి ముడుచుకుని తిరిగాను, గుర్తుందా?"

"ఆరు కాదు, ఏడాది."

"సరేలే, ఏడాదే. నీ పట్టికలాగే నీ జ్ఞాపకమూ తరగదు" అన్నాను. అప్పుడు నవ్వింది. నవ్వి, "ఆ ఏడుగురూ ఫోన్ చేస్తే ఏమవుతుందో అత్తయ్యా" అంది. తుంచిన కాయలు ఒక చేటలో, పీచు ఇంకో చేటలో వేయాల్సింది, రెండూ ఒకదాంట్లోనే వేసేసింది. నేను చూసి ఊరుకున్నాను.

మంగళవారం పాసుల కౌంటరు దగ్గర పొద్దున్నే చాంతాడంత వరుస. రోగి పేరు, వార్డు, వచ్చినవాళ్ళ వరస. కోడలు రాస్తూ చింపి ఇస్తోంది, కన్ను మాత్రం గేటు మీద ఉంది. పదకొండైంది. దర్జీ రాలేదు. పదకొండున్నరైంది. లోపలికి వచ్చేవాళ్ళెవరైనా కౌంటరు దాటే పోవాలి. బస్సు దొరకలేదేమో అనుకుంది. ఆయన ఎప్పుడూ అరగంట ముందొచ్చి, బల్లమీద తట్టి, ఆమె తలెత్తేదాకా అక్కడే నిలబడే మనిషి.

పన్నెండు దాటాక ఇంజినీరు టీ గ్లాసు పట్టుకుని వచ్చాడు. చంకలో కాగితాలున్నాయి, ముఖం వెలిగిపోతోంది.

"చూశారా మేడం, ఒక్కరోజులో పంతొమ్మిది ఖాళీ కాల్స్ ఆగిపోయాయి. రిసెప్షన్ వాళ్ళకి ఎంత తలనొప్పి తగ్గిందో!"

"ఖాళీ కాల్సంటే?"

"ఫోన్ చేసి ఎవరూ మాట్లాడరు కదండీ, అవి. నాలుగు సెకన్లు చూసి విజార్డే కట్ చేసేస్తుంది."

కోడలు "ఏదీ, ఇలా ఇవ్వండి" అని కాగితం లాక్కున్నంత పని చేసింది. వేలు పెట్టి కిందికి చదువుకుంటూ పోయింది. పొద్దున ఆరూ పది, దర్జీ నంబరు, నాలుగు సెకన్లు. ఆరూ పన్నెండు, అదే నంబరు, నాలుగు సెకన్లు. ఆరూ పదమూడు. ఆరూ పదహారు. మొత్తం ఆరుసార్లు. ఆఖరిది ఆరూ ఇరవైరెండుకి. ఆ తరవాత లేదు.

కౌంటరు ఫోన్ తీసి ఆయనకి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. అంతే.

"ఏమైంది మేడం?" అన్నాడు ఇంజినీరు. కోడలు రిసెప్షన్ వైపు చూసి, "గలగలా! ఒక గంట ఇక్కడ కూర్చోవే, నీకు దండం పెడతాను" అని కేకేసి, సంచి భుజాన వేసుకుని, వరుసలో ఉన్నవాళ్ళని తోసుకుంటూ బయటపడింది. ఎక్కిన బస్సులో కూర్చోవడానికి చోటుంది గానీ దారంతా నిలబడే ఉంది.

దర్జీ ఇల్లు బొత్తాలూ దారాలూ అమ్మే చిన్న కొట్టుమీద, పై అంతస్తులో. కొట్టావిడ గల్లా వెనకనుంచి లేచి మెట్లకి అడ్డం నిలబడింది.

"ఎవరు కావాలి?"

"పైన దర్జీగారు. నేను ఆస్పత్రి నుంచి..."

"ఓహో, ఇప్పుడు గుర్తొచ్చాడా మీకు!" ఆవిడ చేతిలో బొత్తాల డబ్బా ఉంది, మాట్లాడుతుంటే అది కూడా కోపంగానే చప్పుడు చేసింది. "తెల్లారి షట్టరు ఎత్తుతుంటే మెడ పట్టుకుని మెట్లమీద కూలబడి ఉన్నాడు. ముఖం నల్లగా మాడిపోయింది. ఆ గొట్టం పూడుకుపోయిందట. నేనూ మా ఆయనా చెరో రెక్కా పట్టుకుని సందు చివర డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన తీసి కడిగి పెట్టాడు కాబట్టి సరిపోయింది. మరో పది నిమిషాలైతే ఏమయ్యేదో తెలుసా? చేతిలో ఫోన్ అలాగే ఉంది పాపం, మీకే చేస్తూ ఉన్నాడు."

"ఇప్పుడెలా ఉన్నారు?"

"వెళ్ళి చూడు. బతికే ఉన్నాడు. కోపంగా ఉన్నాడు."

దర్జీ మిషను ముందు కూర్చుని ఉన్నాడు. మెడకి కొత్త గుడ్డ కట్టి ఉంది. కోడలు గుమ్మంలో నిలబడి "బాబాయ్‌గారూ" అంది. ఆయన తల ఎత్తలేదు. కాలు తొక్కుతూనే ఉన్నాడు. దగ్గరికి వెళ్ళి చూస్తే సూదిలో దారం లేదు. ఉత్త సూది గుడ్డమీద చిల్లులు పొడుచుకుంటూ పోతోంది.

ఆమె పక్కనున్న ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. ఆయన కాలు ఆగింది. ఆమె వైపు చూడకుండానే ఒక చేయి మొత్తం విప్పి, రెండో చేతి బొటనవేలు దాని పక్కన పెట్టాడు. ఆరు. తరవాత చెవి దగ్గర ఫోన్ పెట్టినట్టు చేసి, గభాలున కింద పెట్టేసినట్టు చూపించాడు. ఆరుసార్లూ పెట్టేశావు అని.

"నేను కాదు" అంది కోడలు. ఆయన ముఖం తిప్పుకున్నాడు.

ఇక మాటలతో పనికాదని, కిటికీలో ఉన్న ఆయన ఫోనే తీసి పచ్చ గుర్తు నొక్కి, గట్టిగా వినపడేలా పెట్టి మిషను మీద ఉంచింది. గొంతొకటి పలికింది, తియ్యగా, ఎవరిదో తెలియని గొంతు. 'నమస్కారం. దయచేసి మీ సమస్య చెప్పండి.' తరవాత నిశ్శబ్దం. "తట్టండి" అంది కోడలు. ఆయన వేలి తొడుగుతో తట్టాడు. ఇంకోసారి తట్టాడు. మూడోసారి తట్టబోతుండగా ఫోన్ కట్టయింది.

కోడలు ఆ ఫోన్ తీసి మళ్ళీ కిటికీలో పెట్టింది.

"నన్ను ఆ గదిలోంచి నిన్న తీసేశారు బాబాయ్‌గారూ. ఇప్పుడక్కడ ఇదే ఉంది. దీనికి మాటే వినపడుతుంది, తట్టడం వినపడదు." ఆమె కళ్ళు తుడుచుకోలేదు, అలాగే వదిలేసింది. "నేనే పెట్టేశాననుకున్నారా?"

ఆయన ఆమె చేయి తీసుకుని, వేలి తొడుగు ఊడదీసి, వట్టి వేలితో అరచేతి మీద ఒకసారి తట్టాడు.

"ఇప్పుడూ అనుకుంటున్నారా?"

రెండుసార్లు తట్టాడు.

ఆమె సూదిలో దారం ఎక్కించి, పొద్దుటినుంచి ఏమీ తినలేదని తెలుసుకుని, పొయ్యిమీద జావ కాచి ఇచ్చి, అది తాగేదాకా కదల్లేదు. గంటలో రావాల్సిన మనిషి రెండున్నర గంటలకి ఆస్పత్రికి చేరింది. గలగల అప్పటికి పాసుల వాళ్ళందరి ఇళ్ళ సంగతులూ తెలుసుకుని, సగంమందితో చుట్టరికం కలిపేసింది. సూపరింటెండెంటు మీటింగుకి వెళ్ళిపోయాడు.

బుధవారం ఆయన ఇంకా కుర్చీలో సర్దుకోకముందే కోడలు గదిలోకి వెళ్ళింది. ఇంజినీరునీ గలగలనీ వెంటబెట్టుకుని మరీ వెళ్ళింది.

"సార్, ఒక్క పని చేయండి. మీ సెల్‌తో మన ఆస్పత్రికి ఫోన్ చేయండి. ఏమీ మాట్లాడొద్దు."

"ఏంటమ్మా పొద్దున్నే ఆటలు?"

"ఒక్కసారి సార్."

చేశాడు. తియ్యటి గొంతు పలికింది. ఆయన నోరు మూసుకుని కూర్చున్నాడు. కట్టయింది.

"అయితే ఏంటి? మాట్లాడకపోతే ఎవరైనా పెట్టేస్తారు."

"మన పేషెంట్లు మాట్లాడలేరు సార్. వాళ్ళ గొంతు తీసింది మనమే."

 కోడలు దర్జీ సంగతి చెప్పింది. ఆరూ పది నుంచి ఆరూ ఇరవైరెండు దాకా ఒక్కో నిమిషం చెప్పింది. సూపరింటెండెంటు చేయి తనకి తెలియకుండానే గాజు బరువు మీదికి పోయింది. అది పక్కకి జరిపి, ఆ దొంతరలోంచి కోడలి కాగితం తీసి చదివాడు. చదివి మడత పెట్టలేదు, అలా పట్టుకునే ఉన్నాడు.

ఇంజినీరు ముఖం పాలిపోయింది. "ఆ టిక్కు నేను పెట్టలేదు సార్, ముందే పెట్టుకుని వస్తుంది. కానీ నేను చదవాల్సింది. ఇప్పుడే తీసేస్తాను."

"తీసేస్తే?" అంది కోడలు.

"తీసేస్తే ఆ కాల్స్ రిసెప్షన్‌కి పోతాయి."

అందరూ గలగల వైపు చూశారు. ఆవిడ చీర చెంగు వేలికి చుట్టుకుంటూ, "నేనూ మూడుసార్లు హలో హలో హలో అని పెట్టేసేదాన్నే అక్కా. ఎన్ని పెట్టేశానో ఏమో" అంది. ఆవిడ అంత చిన్నగా మాట్లాడటం ఎవరూ ఎరగరు.

"అయితే ఫోన్ చేసిందెవరో ముందే తెలియాలి" అన్నాడు ఇంజినీరు. ల్యాప్‌టాప్ తీసి, తను మూసేసిన పట్టికని మళ్ళీ తెరిచాడు. వరుసలు జరుపుతూ పోయాడు. ఆఖరి గడి దగ్గర అతని చేయి నెమ్మదించింది. పైకే చదవడం మొదలుపెట్టాడు.

"'కుడిచెవి వినపడదు, గట్టిగా అరవొద్దు, నిదానంగా చెప్పాలి.' 'భార్య పోయాక ప్రతి గురువారం చేస్తారు, పనేం ఉండదు, రెండు నిమిషాలు మాట్లాడితే చాలు.' 'ఆపరేషనంటే భయం, చికిత్స అనాలి.' మేడం, ఇవన్నీ మీరే రాశారా?"

"ఎవరెలా పలకరిస్తే వింటారో మర్చిపోకుండా రాసుకున్నానండీ."

"'సూపరింటెండెంటుగారి అమ్మగారు...'" అని చదివి ఠక్కున ఆగాడు.

"ఆగావేం, చదువు" అన్నాడు సూపరింటెండెంటు.

"'మీటింగులో ఉన్నారని చెప్పొద్దు, చిన్నబుచ్చుకుంటారు. వార్డులో ఉన్నారని చెప్పాలి.'"

ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. "వార్డులో ఉన్నానంటే చిన్నబుచ్చుకోదా?"

"వార్డంటే రోగుల దగ్గరున్నట్టు కద సార్. 'అయితే పిలవకమ్మా, చూసుకోనీ' అని సంతోషంగా పెట్టేస్తారు."

ఆయన కళ్ళజోడు తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. తరవాత ఇంజినీరుతో, "ఈ మాంత్రికుణ్ణి తీసేయ్. పాతదే పెట్టు. అమ్మా, నువ్వు నీ గదిలోకి వెళ్ళిపో" అన్నాడు.

కోడలు కోరుకున్నది అదే. సోమవారం పొద్దుటినుంచి ఆ ఒక్క మాట కోసమే కదా ఎదురుచూసింది! తీరా ఆయన నోట అది వచ్చేసరికి, ఆమె కదల్లేదు.

"వద్దు సార్" అంది.

"ఏం వద్దు?"

"నేనొక్కదాన్నే వద్దు. మా అత్తయ్యకి ఇంకో మోకాలుంది. అది కూడా మొరాయిస్తే మళ్ళీ సెలవు పెడతాను. ఆవేళ ఆయన గొట్టం పూడుకుపోతే? విజార్డు కట్ చేసినా, నా కుర్చీ ఖాళీగా ఉన్నా, ఆయనకి ఒకటే కదా. మామూలు కాల్స్ ఆ ఐదు ప్రశ్నల్తోనే నడవనివ్వండి, ఎవరైనా మార్చుకోగలుగుతారు. ఈ పట్టికలో ఉన్నవాళ్ళని మాత్రం డబ్బా ముందు చూసుకోవాలి. గమనిక నాకొక్కదానికే కాదు, ఎవరు ఫోనెత్తితే వాళ్ళకి కనబడాలి. వరుస నింపడం కూడా అందరికీ రావాలి."

"అవుతుందా?" అని ఇంజినీరుని అడిగాడు సూపరింటెండెంటు.

"అవుతుంది సార్. ముందు పట్టిక, అందులో లేకపోతేనే విజార్డ్. వరుసలు నింపడానికి చిన్న పేజీ ఒకటి చేస్తాను. మూడు ప్రశ్నలు చాలు. ఎవరు, ఎవరికి కలపాలి, ఎలా పలకరించాలి." ల్యాప్‌టాప్ మూస్తూ, "దీంట్లో ముందే పెట్టుకుని వచ్చే టిక్కు ఒక్కటి కూడా ఉండదు మేడం" అన్నాడు.

ఆ సాయంత్రం కోడలు ఇంటికొచ్చి నా ఎదురుగా కూర్చుంది. "నా గరిటెలు అందరి చేతికీ ఇచ్చేశాను అత్తయ్యా" అంది. "నా రెండో మోకాలిని ఆఫీసులో అడ్డం పెట్టుకున్నావటగా" అన్నాను. కాసేపు ఇద్దరం నవ్వుకున్నాం. తరవాత మొహం కడుక్కోవడానికి వెళ్ళి, మామూలుకంటే ఎక్కువసేపే కడుక్కుంది.

గురువారం ఫోన్ల గదిలో బడి పెట్టింది. గలగల, ఇద్దరు నర్సులు. పక్కగదిలోంచి ఒక నర్సు పెన్నుతో ఫోన్ మీద తడుతుంది, గలగల ఇటునుంచి కనుక్కోవాలి.

"నమస్కారం బాబాయ్‌గారూ, బాగున్నారా, గొట్టం ఏమైనా ఇబ్బంది పెడుతోందా, జ్వరమా, లేకపోతే డాక్టరుగారి కోసమా?" అంది గలగల ఒక్క ఊపిరిలో.

టక్.

"అవునట! చూశావా అక్కా, వచ్చేసింది!"

"ఏది అవును?" అంది కోడలు.

గలగల నోరు తెరిచి, మూసింది. "నాలుగడిగాను కదూ?"

"నాలుగడిగి ఒక్క జవాబు పట్టుకుంటే అందులో ఏం తెలుస్తుంది? ఒక్కటే అడగాలి. అడిగి ఆగాలి."

"ఎంతసేపు ఆగాలి?"

"ఆయన తట్టేదాకా."

"అమ్మో! అంతసేపు ఊరికే ఉండాలా? నావల్ల కాదక్కా, నాకు ఆయాసం వస్తుంది."

నర్సులు విరగబడి నవ్వారు. పదిసార్లు చేస్తే తొమ్మిదిసార్లు తప్పింది. ప్రశ్న అడిగి, జవాబు రాకముందే ఇంకోటి అడిగేస్తుంది, లేదా తనే జవాబు చెప్పేస్తుంది. కోడలికి ఒక్కోసారి ఆ మైకు లాక్కుని తనే పెట్టేసుకుందామనిపించింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

శుక్రవారం ఫోన్ల గదిలో గలగల వంతు, పాసుల కౌంటరులో కోడలి వంతు. రోజు విడిచి రోజు మారదామని వాళ్ళే అనుకున్నారు. మధ్యలో అద్దం గోడ ఒకటే. మాట వినపడదు, మనిషి కనబడుతుంది.

పదిన్నరప్పుడు గలగల ఫోనెత్తింది. తెర వైపు చూసి కుర్చీలో నిటారుగా కూర్చుంది. అది తట్టేవాళ్ళ ఫోనేనని కోడలికి అర్థమైపోయింది. రాస్తున్న పాసు మీద కలం ఆగిపోయింది. లేచి నిలబడింది.

అద్దం అవతల గలగల పెదాలు కదిలాయి, చిన్న మాట, ఒకటే మాట. తరవాత ఆగింది. ఒక చేత్తో చెవి మీది మైకు నొక్కిపట్టుకుని, కళ్ళు మూసుకుంది. నోరు గట్టిగా బిగించింది. కోడలు లోపల్లోపల లెక్కపెట్టుకుంటోంది. రెండు సెకన్లు. నాలుగు. ఆరు. గలగల నోరు తెరవలేదు. పది దాటింది. అప్పుడు ఆవిడ తల మెల్లిగా ఊగింది. ఇంకో ప్రశ్న అడిగింది. మళ్ళీ ఆగింది.

సాయం కావాలేమోనని కోడలు అద్దం వైపు ఒక అడుగు వేసింది. గలగల కళ్ళు తెరిచి కాగితం మీద ఏదో రాసుకుంది, ఇంకో ఫోన్ తీసి వార్డుకి కలిపింది, మళ్ళీ చెవి నొక్కిపట్టుకుంది. అద్దం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఇటు ఒకరు ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డారన్న సంగతే ఆవిడకి గుర్తులేదు.

కోడలు ఆ మనిషిని అలాగే చూస్తూ నిలబడింది. ఏదో పోగొట్టుకున్నట్టూ ఉంది, ఎవరో భుజం మీది మూట దింపినట్టూ ఉంది. ఏది ఎక్కువో నాతో చెప్పేటప్పుడు కూడా దానికి తేలలేదు.

"అమ్మా, పాసు..." అంది వరుసలో ముందున్న ఒక పెద్దావిడ.

కోడలు కూర్చుంది. "ఎవరి కోసం వచ్చారమ్మా?" అంది. పెద్దావిడ ఏదో చెప్పబోయి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెనకున్నవాళ్ళు సణుగుతున్నారు. కోడలు కలం కింద పెట్టేసింది. మరో ప్రశ్న అడగలేదు. ఆవిడ చెప్పేదాకా అలాగే, ఆవిడ ముఖంలోకే చూస్తూ కూర్చుంది.

ఇంతే సంగతి. ఇప్పుడు మీ ఫోన్లు మీరు తీసుకోండి. రేపో మాపో మీకూ ఎక్కడినుంచో ఫోనొస్తుంది, అవతల మాట వినపడదు. విసుగొస్తుంది, పెట్టేయబోతారు. అప్పుడు మా దర్జీని ఒక్కసారి తలుచుకుని, ఇంకాసేపు చెవి ఒగ్గండి. ఎవరిదో చిన్న చప్పుడు అక్కడ ఉండొచ్చు. మీ పిల్లలకి కూడా ఇది చెప్పండి. నా మాటలే చెప్పక్కర్లేదు, మీ మాటల్లోనే చెప్పండి. గలగల ఆగినచోట మాత్రం మీరూ కాసేపు ఆగి మరీ చెప్పండి.